అవసరము

గత సంక్రాంతి సెలవులలో, పూర్వము నాయొద్ద పదవ తరగతి చదివిన యొక యమ్మాయి మా యింటికి వచ్చినది. ఆమె యిప్పుడు హైదరాబాదులో నొక పెద్ద వైద్యశాలయందు ఉద్యోగము చేయుచున్నది. వైద్యురాలు కాదు. గణితము చదివి, రోగుల లెక్కలను ఆధారముగా చేసికొని కంప్యూటరునకు పాఠము చెప్పు విద్య నేర్చినది. అరిసెలు తిని, మా యక్కయ్యతో ముచ్చటలు ముగించి, చేతిసంచిలోనుండి యొక కాగితము తీసి నా ముందుంచినది.

"మాస్టారూ, దీన్ని మీరు తెలుగు చేసిపెట్టాలి. మావాళ్ళు చేసిన తెలుగు రోగుల బంధువులకు అర్థం కావడం లేదు. నిజం చెప్పాలంటే నాకే కావడం లేదు."

కాగితము ఇంగ్లీషున నున్నది. ఆసుపత్రిలో చేరిన రోగి బంధువులకు చదివి వినిపించి సంతకము పుచ్చుకొనుటకై వ్రాసినది. రాబోవు 24 గంటలలో ఈ రోగికి శ్వాసయంత్రపు సాయము కావలసివచ్చునా రాదా యని యొక కంప్యూటరు ముందుగా అంచనా కట్టుననియు, వైద్యులు దానిని చూచుకొందురే కాని దానికి కట్టుబడరనియు, రోగి లెక్కలను పేరు తొలగించి యంత్రమునకు నేర్పుటకు వాడుకొందురనియు దాని సారాంశము. పది నిమిషముల పని యనుకొని కలము తీసితిని. మొదటి వాక్యములోనే "అవసరము" అను మాట వ్రాసి ఆగిపోయితిని.

సంస్కృతమున అవసరమనగా సమయము, సందు, అవకాశము. రాజదర్శనమునకు అవసరము దొరకినదనినచో లోనికి పోవుటకు వీలు చిక్కినదని యర్థము. తెలుగువారు ఆ మాటను తెచ్చుకొని, వాడి వాడి, కావలసియుండుట యను భావమున స్థిరపఱచినారు. లోనికి పోనిచ్చిరా యనునది ఒక యర్థము. పోకున్న గతి లేకుండెనా యనునది మఱియొక యర్థము. ఈ సంగతిని నేను బడిలో ఏటేట చెప్పుదును. పిల్లలు నవ్వుదురు, నేను తరువాతి మాటకు పోవుదును. ఆ దినమున మాత్రము పోలేకపోయితిని. కారణము చెప్పుటకు ముందు ఆ యమ్మాయి చేయు పని యెట్టిదో చదువరులకు కొంత చెప్పవలెను.

యంత్రమునకు చదువు చెప్పుట యనిన వింతగా తోచును గాని, పద్ధతి మనకు క్రొత్త కాదు. లెక్కల పుస్తకము చివర జవాబు లుండును గదా. సూత్రము నెవరును చెప్పకుండ, వేలకొలది లెక్కలను వాని జవాబులను ప్రక్కప్రక్కన చూచి, పిల్లవాడు తానే పట్టు తెలిసికొన్నచో ఎట్లుండునో ఇదియు నట్లే. ఇచ్చట లెక్కలనగా పాత రోగుల కేసుషీట్లు: వయస్సు, నాడి, రక్తపుపోటు, జ్వరము, నిమిషమునకు ఊపిరులెన్ని, వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు చూపిన అంకె, రక్తపరీక్షలు, ఛాతీ ఎక్సురే. జవాబనగా ఆ రోగికి పిమ్మట వెంటిలేటరు పెట్టిరా లేదా యనునది. పెట్టినచో ఒకటి, పెట్టకున్న సున్న. ఏ గుర్తులు కలసినపుడు ఒకటి పడునో, ఏ గుర్తులకు సున్న పడునో యంత్రము పోల్చుకొనును. పిమ్మట క్రొత్త రోగి లెక్కలు చూపినచో, ఈతనికి నూటికి ఇంత యని చెప్పును.

ఇది తీసిపాఱవేయదగిన విద్య కాదు. మనుష్యుని ఊపిరి చెడుట తఱచుగా ఒక్క క్షణమున జరుగునది కాదు. గంటల ముందే లెక్కలలో దాని జాడ కనబడును. రాత్రివేళ పడకలు పెక్కు, నర్సులిద్దఱు నున్నచోట ఆ జాడను చూచుటకు తీఱిక కలవారే యుండరు. గొంతులోనికి గొట్టము తొందరపడి దింపినను హాని, ఆలసించి దింపినను హాని. 2021 సెప్టెంబరులో ప్రకటింపబడిన "ఎగ్జామ్" అను యంత్రమొకటి కలదు. భిన్నఖండములందలి 20 వైద్యసంస్థలు, తమ రోగుల కాగితములను గడప దాటనీయక, వానినుండి యంత్రము నేర్చిన సారమును మాత్రమే ఒకచోటికి చేర్చి దానిని తయారు చేసినవి. కోవిడ్ రోగికి 24 గంటల పిమ్మటను, 72 గంటల పిమ్మటను ఎంత ప్రాణవాయువు కావలెనో అది ముందుగా చెప్పును. ఎక్కువ సాయము కావలసివచ్చినవానిని, రానివానిని జతగా నిలిపి, వీరిలో ఎవరని యడిగినచో నూటికి 92 జతలకు పైగా సరిగా చెప్పినదట. మన దేశమునను, అదే సంవత్సరము జూనులో, కలకత్తాయందు తయారైన యొక సాధనమును శాస్త్రసాంకేతికశాఖవారు ప్రకటించిరి. రోగి లక్షణములకు, పరీక్షలకు, పూర్వరోగములకు వేర్వేఱుగా మార్కులు వేసి, వెంటిలేటరు కావలసివచ్చువారిని ముందే యేర్పఱచుట దాని పని. మార్కులు వేయు పని కనుక నాకు వెంటనే బోధపడినది.

అన్నియు ఇట్లు సఫలమైనవని చెప్పజాలను. కోవిడ్ రోగుల ఛాతీ చిత్రములను చూచి రోగమును, దాని తీవ్రతను చెప్పుదుమను యంత్రములను గూర్చి వెలువడిన 2,212 వ్యాసములను కేంబ్రిడ్జివారు పోగుచేసి, వానిలో తగినవని 62ను ఏఱి పరిశీలించి, రోగి మంచముకడ వాడదగినది ఒక్కటియు లేదని 2021 మార్చిలో తేల్చిరి. కొందఱు, కోవిడ్ లేనివారికి ఉదాహరణములుగా చిన్నపిల్లల ఎక్సురేలను చూపిరట. పాపము, యంత్రము రోగమును గుర్తించుట మాని, ఇది పెద్దవారి ఛాతీ, ఇది పిల్లల ఛాతీ యని గుర్తించుట నేర్చుకొన్నది! పరీక్షలో మంచి మార్కులు కూడ తెచ్చుకొన్నది. ఇట్టి విద్యార్థులు నాకు చిరపరిచితులు.

ఈ సంగతులన్నియు చెప్పి ఆ యమ్మాయి నాకొక పాత కథ వినిపించినది. 1990వ దశకమున అమెరికాలోని పిట్స్‌బర్గ్ పండితులు న్యుమోనియా రోగులు 14,199 మంది లెక్కలను యంత్రములకు చూపి, ఎవరికి ప్రాణభయము హెచ్చో, ఎవరిని ఇంటికి పంపవచ్చునో చెప్పుట నేర్పిరి. ఆ యంత్రములలో ఒకటి తాను నేర్చిన సూత్రములను మనుష్యులకు తెలియునట్లు వ్రాసి చూపునది. దానిలో ఒక సూత్రము: ఉబ్బసము కల రోగికి న్యుమోనియా వచ్చినచో చావు భయము తక్కువ. అనగా వానిని ఇంటికి పంపవచ్చును! చూచినవారు నిర్విణ్ణులైరి. విచారింపగా తేలినదేమన, ఉబ్బసము కలవారికి న్యుమోనియా సోకినంతనే వైద్యులు భయపడి వారిని నేరుగా ఐ.సి.యు.నకు చేర్చుచుండిరి. అందుచేత వారు ఇతరులకంటె ఎక్కువగా బ్రదికిరి. లెక్కలో తప్పు లేదు. ఆ లెక్కనుండి తీసిన సూత్రమును నమ్మినచో ఉబ్బసపురోగి చచ్చును. అన్నిటికంటె సరిగా చెప్పుచుండిన యంత్రము వేఱొకటి యుండెనట. కాని అది తన సూత్రములను బయట పెట్టునది కాదు. దానిలోపల ఇట్టివి ఇంకెన్ని దాగియున్నవో యని వెఱచి, దానిని మానుకొని, తక్కువ సరియైనదైనను తెఱచిచూడదగిన దానినే వారు వాడిరి.

నేను బాల్యమున తర్కసంగ్రహము వల్లించినవాడను. దానిని రచించిన అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. కొండమీద పొగను చూచి నిప్పును ఊహించుట సరియైన అనుమానము. దానిని తలక్రిందులు చేసి, నిప్పున్నది కనుక పొగ యుండితీరవలెననుట తప్పు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పున్నను పొగ లేదు. నిప్పుకడ పొగ పుట్టుట తడికట్టె చేరుటవలన. ఆ తడికట్టె చేరికకు మన తార్కికులు ఉపాధి యని పేరు పెట్టిరి. ఉపాధిని కనిపెట్టలేనివాడు నిప్పునకును పొగకును లేని సంబంధమును అంటగట్టును. పిట్స్‌బర్గ్ కథలో ఉబ్బసము నిప్పు, బ్రదుకుట పొగ, ఐ.సి.యు. తడికట్టె. పరీక్షకొఱకు వల్లించి మఱచిన ముక్క ముప్పదియేండ్ల పిమ్మట ఇట్లు అక్కఱకు వచ్చినదని నేను కొంత సంతోషించి, ఆ యమ్మాయికి వివరించి చెప్పుచుండగా, వంటయింటి గుమ్మముకడ నిలిచి వినుచున్న మా యక్కయ్య, "అయితే అమ్మ సంగతీ అంతేకదరా" అన్నది.

మా యక్కయ్యకు ఆఱేండ్ల ప్రాయమునుండి ఉబ్బసము. శీతకాలమున రాత్రులు ఆమె దిండ్లు పేర్చుకొని కూర్చుండి ఊపిరి తీయుచుండగా మా యమ్మ వీపు నిమురుచు తెల్లవార్లు మేలుకొనుట నాకు జ్ఞాపకము. భర్త పోయిన పిమ్మట ఆమె మాయొద్దనే యుండి కుట్టుపని చేసికొనుచున్నది. 2021 మే నెలలో కోవిడ్ రెండవ విడత మా గోదావరి ప్రాంతమున విజృంభించినపుడు, ఇంటిలో ఆమెకును అమ్మకును ఒకే దినమున జ్వరము వచ్చినది. అక్కయ్య రెండుమాఱులు దగ్గినంతనే మేము వణకిపోయితిమి. ఉబ్బసపు మనిషి! తెలిసినవారినెల్ల పట్టుకొని, ఆ సాయంకాలమునకే ఆక్సిజనుతో కూడిన పడకను సంపాదించి చేర్చితిమి. తొమ్మిది దినములకు ఆమె నడచి యింటికి వచ్చినది.

అమ్మకు అఱువదియేడేండ్లు. మధుమేహము లేదు, పోటు లేదు, ఎన్నడు మంచమెక్కి యెఱుగదు. జ్వరముతోనే వండినది. అక్కయ్యకు నేను తీసికొనిపోవు క్యారియరు తానే సర్దినది. ఐదవ దినమున పొయ్యికడనుండి లేచి వచ్చి గోడకు చేరబడి కూర్చుండగా, ఏమమ్మా యని యడిగితిని. "ఏమీ లేదురా, కాస్త ఆయాసం. నువ్వు తిను" అన్నది. వ్రేలికి ఆక్సీమీటరు తగిలించి చూచితిని. 93. పుస్తకజ్ఞానము కలవాడను కనుక, తొంబదికి పైనున్నది గదా యని నన్ను నేను ఓదార్చుకొని తింటిని. మఱునాటి ఉదయమున 86.

చేర్చిన యాసుపత్రి పేరు ఇక్కడ అక్కఱలేదు. ముసుగుతో ఆక్సిజను పెట్టిరి. మూడవనాడు డాక్టరుగారు నన్ను ప్రక్కకు పిలిచి, "యంత్రం మీద పెట్టాల్సిన పరిస్థితి. మా దగ్గర ఒక్కటీ ఖాళీ లేదు. ఎక్కడైనా దొరికితే వెంటనే తీసుకువెళ్ళండి" అనిరి. ఆయన కన్నులు నిద్రలేమిచే ఎఱ్ఱబడియున్నవి. ఆయనను తప్పుపట్టుటకు ఇది వ్రాయుట లేదు. గుమస్తా యొక కాగితము తెచ్చి, ఇక్కడ వ్రాసి సంతకము పెట్టుమన్నాడు. రోగిని మా యిష్టప్రకారము తీసికొనిపోవుచున్నామని వ్రాసితిని. పిల్లలకు చేవ్రాత నేర్పువాడను. ఆ తొందరలోను అక్షరములు గుండ్రముగానే పడినవి. రెండవ ఊరి యాసుపత్రివారు గేటుకడనే లేదనిరి. మూడవ ఊరి దారిలో కాలువ వంతెన దాటుచుండగా అమ్మ పోయినది.

ఆ పిమ్మట మా బంధువులందఱును అన్న మాట ఒక్కటే. "చూడండి, అంత ఉబ్బసం ఉన్న పిల్ల గట్టెక్కింది. ఏ జబ్బూ ఎరగని మనిషి వెళ్ళిపోయింది. రాత!" నేనును అట్లే అనుకొంటిని. ఒకటి రెండుమాఱులు పైకి కూడ అంటిని. నాలుగు అక్షరములు వచ్చినవాడను, విధివ్రాతలను గూర్చి బడిలో పిల్లలను మందలించువాడను, ఇన్నియేండ్లు ఆ మాటను పరీక్షింపనే లేదు. అక్కయ్యను రక్షించినది ఉబ్బసమునకు మేము పడిన భయము. అమ్మకు తగులకపోయినది ఆ భయమే. ఇది రెండక్షరములు కూడ రాని యంత్రము చేసిన తప్పు కాదు. ఇల్లు చేసిన తప్పు.

అక్కయ్య మాటకు ఎవరమును బదులు చెప్పలేదు. కొంతసేపటికి నేను ఆ యమ్మాయిని అడిగితిని: "మా అమ్మ లాంటివాళ్ళకు మీ పట్టీలో ఏమి వేస్తారమ్మా, ఒకటా, సున్నా?"

"యంత్రం పెట్టకముందే చనిపోతే ఒకటి కిందే కలుపుతాం మాస్టారూ. అది మాకూ తెలుసు."

"ఆసుపత్రిలో చనిపోలేదు కదా. నేను సంతకం పెట్టి తీసుకువచ్చాను."

ఆమె తల వంచుకొని కాగితము మడత విప్పుచు, మడచుచు, చాలసేపు ఊరకున్నది. "బంధువుల కోరికపై డిశ్చార్జి అని ఉంటుంది. వెంటిలేటరు పెట్టలేదు. మరణం నమోదు కాలేదు. సున్నే పడుతుంది" అన్నది.

చదువరులు ఈ సున్న యర్థమును కొంచెము ఆలోచింపవలెను. అఱువదియేడేండ్ల స్త్రీ, ఆక్సీమీటరు అంకె ఇంత, నాడి ఇంత, జ్వరము ఎనిమిదవ దినము. జవాబు: శ్వాసయంత్రము అవసరము లేదు. దీనిని చూచి నేర్చిన యంత్రము రేపు అట్టి లక్షణములతోనే యింకొకరి తల్లి వచ్చినపుడు, ఈమెకు అంత అవసరము లేదని చెప్పదా? వేల కాగితములలో ఒక్కదాని బరువెంత యని యనవచ్చును. ఆ నెలలో అట్టి కాగితముపై సంతకము పెట్టినవాడను నేనొక్కడనే యని నమ్ముటకు నాకు వీలులేదు. పైగా ఆ కాగితములు గుడ్డిగా పంచబడినవి కావు. పడక దొరకనివారెవరు? తెలిసినవారు లేనివారు, దూరపు పల్లెలనుండి ఆలస్యముగా వచ్చినవారు, తమ ఆయాసమును చెప్పుకొనుట అలవాటు లేని ఆడువారు. యంత్రపు పట్టీలో వీరందఱును సున్నలు. ఎవరికి యంత్రము కావలసియుండెనో యని అడిగి, ఎవరికి యంత్రము దొరకినదో దానిని జవాబుగా ఇచ్చితిమి. తెలుగు అవసరమును అడిగి సంస్కృత అవసరమును చెప్పితిమి. కలము ఆగిపోయినది ఇందుచేతనే.

ఇక లెక్కల మాట. జవాబులు మాత్రమే కాదు, ప్రశ్నలును అట్లే యున్నవట. పాత కేసుషీట్లలో ఊపిరుల సంఖ్య గడి చూచినచో, పసిపిల్లలు కానివారందఱికిని నూటికి చాలవంతు 20 అని యుండునట, లేదా 18. జ్వరమున మండుచున్నవానికిని 20, నిద్రించువానికిని 20. ఊపిరులను లెక్కపెట్టుటకు నిండుగా ఒక నిమిషము కూర్చుండవలెను. నాడికివలె, ఆక్సిజనుకువలె దానికి వ్రేలికి తగిలించు పనిముట్టు వార్డులలో లేదు. ముప్పది పడకలకు ముప్పది నిమిషములు. ఎవరికున్నది తీఱిక? నేను నర్సులను ఆక్షేపించుట లేదు. ఉపాధ్యాయుడను, పట్టీలలో అంకెలు ఎట్లు పుట్టునో నాకు తెలియనిది కాదు. పై యధికారి సాయంకాలములోగా పంపుమన్న పట్టికలో పిల్లల ఎత్తులు, బరువులు నేను ఏ తూనికయు లేకుండ నింపిన దినములు కలవు.

ఆ యొక్క అంకె ఎంత పని చేయునో చూడుడు. బార్సిలోనా వైద్యుడు ఓరియోల్ రోకాయును ఆయన సహచరులును 2016లోను 2019లోను ప్రకటించిన సులభమైన లెక్క యొకటి కలదు. దీనికి కంప్యూటరు కూడ అక్కఱలేదు. ముక్కు గొట్టములద్వారా వేగముగా ఆక్సిజను పొందుచున్న రోగి యొక్క ఆక్సీమీటరు అంకెను, అతడు పీల్చు గాలిలోని ఆక్సిజను పాలుతో భాగించి, వచ్చినదానిని నిమిషపు ఊపిరులతో మరల భాగింపవలెను. 4.88కు తగ్గకున్నచో గొట్టము దింపవలసివచ్చు భయము తక్కువ. అంకె 92, ఆక్సిజను పాలు 0.6 అనుకొందము. ఊపిరులు 36 అయినచో ఫలము సుమారు 4.3, మెలకువతో నుండవలసిన రోగి. లెక్కపెట్టక 20 అని వ్రాసినచో 7.7, నిశ్చింతగా నుండవచ్చును! కలము కొననుండి జాఱిన రెండంకెలు ఒక మనిషిని అపాయమునుండి క్షేమమునకు దాటించినవి, కాగితముమీద.

ఆక్సీమీటరు మాటయు అట్టిదే. 1974లో జపాను దేశీయుడు తకువో అయోయాగి కనిపెట్టిన యీ విద్య కోట్లమందికి మేలు చేసినది. ఆయన 2020 ఏప్రిల్‌లో, లోకమంతయు ఆ పనిముట్టుకై వెదకుచున్న దినములలో, కాలధర్మము చెందెను. అది వ్రేలిగుండ వెలుతురు పంపి రక్తపు రంగును చూచును. నడుమ చర్మము కలదు గదా! మిషిగన్ విశ్వవిద్యాలయమువారు 2020 డిసెంబరులో ప్రకటించిన దానినిబట్టి, ఆక్సీమీటరు 92 మొదలు 96 వఱకు చూపుచున్నను రక్తమున నిజముగా 88కి లోపే యుండుట తెల్లవారిలో నూటికి 3.6 మాఱులు, నల్లవారిలో 11.7 మాఱులు కనబడినది. మా యమ్మ నలుపు. ఆ దినమున నేను చూచిన 93 నిజముగా 93 కాదని చెప్పజాలను. ప్రక్కన కూర్చుండి ఆమె రొమ్ము ఎన్నిమాఱులు లేచి పడుచున్నదో లెక్కపెట్టియుంటినా యన్నచో, పెట్టలేదు. గోడగడియారము ఎదుటనే యున్నది.

అంకె సరిగా నున్నను చదువువాని దోషముచే చెడుటయు కలదు. 1952లో డెన్మార్కు దేశపు కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలి పిల్లలు ఊపిరి సలుపలేక చనిపోవుచుండిరి. ఆ యాసుపత్రిలో ఉన్న శ్వాసయంత్రములు మొత్తము ఏడు. మొదటి మూడు వారములలో వానిపై పెట్టిన 31 మందిలో 27 మంది మరణించిరి. వారి రక్తపరీక్షలో బొగ్గుపులుసుగాలికి సంబంధించిన అంకె మిక్కిలి హెచ్చుగా వచ్చుచుండెను. వైద్యులు దానిని రక్తములో క్షారము పెరిగినట్లు అర్థము చేసికొనిరి. బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు అదే అంకెను చూచి, ఇది వదలవలసిన గాలిని వదలలేకపోవుట, ఊపిరి చాలకపోవుట యనెను. ఆగస్టు 27న పండ్రెండేండ్ల బాలిక గొంతుకకు రంధ్రము చేసి, గొట్టము పెట్టి, చేతితో రబ్బరుసంచి నొక్కుచు గాలి పంపి చూపెను. ఆ బాలిక బ్రదికినది. యంత్రములు లేవు కనుక, పిమ్మట నెలల తరబడి సుమారు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా పిల్లల మంచములకడ కూర్చుండి రాత్రింబవళ్ళు సంచులు నొక్కిరి. నేటి ఐ.సి.యు. అక్కడనుండి పుట్టినదని చెప్పుదురు. ఈ కథ వినినపుడు మా యక్కయ్య అడిగినది డాక్టరు పేరు కాదు. ఆ పిల్లలు చేయి నొప్పెట్టినప్పుడు ఏమి చేసేవారో యని.

మన యిండ్లలో ఊపిరికి కూడ మర్యాదాక్రమము కలదు. మగవాడు మేడ యెక్కి ఆయాసపడినచో గుండెజబ్బేమో యని డాక్టరుకడకు పరుగు. ఆడుది కట్టెల పొగలో నలువదియేండ్లు ఊదుచు, దగ్గుచు, కూర్చుండి లేచుచు నున్నచో అది పని యలసట. ఆమెయు అట్లే యనుకొనును. ఈ లోపమును ఏ యంత్రము దిద్దగలదు? దానికడకు చేరు కాగితము ఆమె ఆయాసము చెప్పుకొన్న దినమునుండియే మొదలగును.

కాగితము సంగతి ముగింపవలెను. అవసరము అను మాటను కొట్టివేసి, రెండు వాక్యములు వ్రాసి యిచ్చితిని. "ఈ యంత్రము, ఇదివరకు ఈ ఆసుపత్రిలో ఎవరెవరికి శ్వాసయంత్రము పెట్టారో చూసి నేర్చుకున్నది. కావలసి ఉండీ దొరకనివారి సంగతి దీనికి తెలియదు." ఆ యమ్మాయి చదువుకొని, "రెండోది మా కమిటీ ఒప్పుకోదేమో మాస్టారూ" అన్నది, అయినను మడచి సంచిలో పెట్టుకొన్నది.

రెండు నెలల పిమ్మట టెలిఫోను చేసినది. కమిటీవారు రెండవ వాక్యమును తీసివేసిరట. కాని 2021లో బంధువుల కోరికపై పంపిన రోగుల కాగితములను వేఱుగా తీసి, వారి యిండ్లకు ఫోను చేసి, పిమ్మట ఏమైనదో కనుగొనుటకు ఆమెకు అనుమతి యిచ్చిరట. నూటయిరువది పేర్లకు చేయగా నలువదిమంది పలికిరి. మీవద్ద అమ్మగారి కాగితాలు ఉన్నాయా, మా ఆసుపత్రివి కాకపోయినా ఎలా వ్రాస్తారో ఒకసారి చూడాలి అని అడిగినది.

ఉన్నవి. ఆ దినమున బీరువాలో పెట్టినవి, మరల తెఱువలేదు. ఆ రాత్రి తీసితిని. అడుగున నా సంతకము, గుండ్రని అక్షరములు. మూడు దినములకు దినమునకు రెండు చొప్పున ఆఱు గడులు: నాడి మాఱినది, పోటు మాఱినది, ఆక్సిజను అంకె మాఱినది. ఊపిరుల గడిలో ఆఱింటను 20. చివరి గడి నింపిన వేళకు నేను ఆమె ప్రక్కనే యున్నాను. ఆమె ఒక ఊపిరిలో రెండు మాటలు పలుకలేకుండెను.

అక్కయ్య కుట్టుమిషను ఆపి వచ్చి, కాగితము నా చేతిలోనుండి తీసికొని, కళ్ళజోడు సవరించుకొని, ఒక్కొక్క గడియు వ్రేలితో తాకుచు చదివినది.

"ఈ ఇరవై ఎవరు లెక్కపెట్టారురా?" అన్నది.